పర్సు పోయిన గంట నుంచి ఏడాది దాకా: మీ పేరుతో ఇంకొకరు అప్పు చేయకుండా

పర్సు కనిపించడం లేదని తెలిసిన మొదటి గంటలో అందరూ చేసే పని ఒకటే, వెతకడం. నిన్నటి ప్యాంటు జేబులు, బండి డిక్కీ, మంచం కింద, సోఫా సందులు. మళ్లీ ఒకసారి బండి డిక్కీ. నేనూ అదే చేశాను. బస్సులో పోయిన పర్సు కోసం ఇంట్లో రెండు గంటలు వెతికాను. అందులో పన్నెండు వందల రూపాయలు, రెండు బ్యాంకు కార్డులు, పాన్ కార్డు, రెండు ఆధార్ జెరాక్సులు, నాలుగు పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఉన్నాయి. కార్డులు ఆ రాత్రికి బ్లాక్ చేయించాను. ఖాతాలోంచి రూపాయి కూడా పోలేదు. హమ్మయ్య అనుకుని ఆ సంగతి మర్చిపోయాను.

ఐదు నెలల తర్వాత ఓ రికవరీ ఏజెంటు ఫోన్ చేశాడు. నేనెప్పుడూ పేరు కూడా వినని ఒక లోన్ యాప్‌కి పద్దెనిమిది వేలు బాకీ ఉన్నానట. దరఖాస్తులో నా ఫొటో, నా ఆధార్, నా పాన్. ఫోన్ నంబరు మాత్రం నాది కాదు.

కార్డుల గొడవ ఒక రోజులో తేలుతుంది, జెరాక్సుల గొడవ ఏడాది పాటు నడుస్తుంది. కార్డు దొరికినవాడు ఆ పూటే వాడాలని చూస్తాడు, ఎందుకంటే రేపటికి అది చెల్లదని వాడికీ తెలుసు. ఆధార్, పాన్ నంబర్లకి అలాంటి గడువేమీ లేదు. చేతులు మారుతూ పోయి, నెలల తర్వాత మీ పేరు మీద ఒక సిమ్, ఒక బ్యాంకు ఖాతా, ఒక అప్పుగా బయటపడతాయి. అందుకే కింద రాసిన వాటిలో కొన్ని గంటలో చేయాల్సినవి, కొన్ని మూడు నెలలకోసారి చూసుకోవాల్సినవి.

మొదటి గంట: ముందు లాక్, తర్వాత వెతుకులాట

దాదాపు అన్ని బ్యాంకుల యాప్‌లలోనూ కార్డుని తాత్కాలికంగా ఆపే సదుపాయం ఉంటుంది. పర్సు ఇంట్లోనే ఎక్కడో ఉందని మీకు తొంభై శాతం నమ్మకం ఉన్నా సరే, ముందు ఆ లాక్ వేసి తర్వాత వెతకండి. దొరికితే అదే యాప్‌లో తీసేయవచ్చు, కొత్త కార్డు కోసం ఎదురుచూసే పని ఉండదు. రాత్రి పడుకునే లోపు దొరకలేదంటే మాత్రం ఇక ఆశ పెట్టుకోకండి, శాశ్వతంగా బ్లాక్ చేసి కొత్తది అడగండి.

పిన్ తెలియకుండా కార్డుతో ఏం చేస్తారులే అనుకోవద్దు. వైఫై గుర్తు ఉన్న కార్డుని మెషిన్ దగ్గర పెడితే చాలు, ఒక్కో లావాదేవీకి 5,000 రూపాయల వరకు పిన్ అడగకుండానే డబ్బు వెళ్తుంది. 2021 జనవరి 1 వరకు ఆ పరిమితి 2,000 ఉండేది. ఇక విదేశీ వెబ్‌సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు, కార్డు మీది నంబరు, గడువు తేదీ, వెనక ఉండే మూడంకెలు ఉంటే సరిపోతుంది. అంటే కార్డు చేతిలో ఉన్నవాడికి కావాల్సినవన్నీ దాని మీదే అచ్చయి ఉన్నాయి.

రెండు మూడు కార్డులుంటే డెబిట్ కార్డుతో మొదలుపెట్టండి. క్రెడిట్ కార్డు మీద జరిగిన మోసం గురించి వాదించేటప్పుడు పోయింది బ్యాంకు డబ్బు. డెబిట్ కార్డు విషయంలో ఆ వాదన తేలేదాకా ఖాళీగా ఉండేది మీ ఖాతా.

యాప్ లేనివాళ్లు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాలి. చిక్కేమిటంటే ఆ నంబరు ఉండేది కార్డు వెనకే, కార్డేమో పోయింది. ఈ కంగారులో గూగుల్‌లో బ్యాంకు పేరు కొట్టి, మొదట కనిపించిన నంబరుకి ఫోన్ చేసి అసలు మోసంలో ఇరుక్కున్నవాళ్లు చాలామంది. అక్కడ దొంగ నంబర్లు పెట్టి కాచుకుని కూర్చునేవాళ్లుంటారు. పాస్‌బుక్ మీదో, బ్యాంకు నుంచి వచ్చిన పాత స్టేట్‌మెంట్ మీదో ఉన్న నంబరే వాడండి. కార్డు బ్లాక్ చేయడానికి ఏ బ్యాంకూ ఓటీపీ గానీ పిన్ గానీ చెప్పమనదు. అడిగారంటే ఫోన్ పెట్టేయండి.

మాట్లాడాక కంప్లయింట్ నంబరు, టైము రాసుకోండి. దీని విలువ తర్వాత తెలుస్తుంది. 2017 జులై 6న ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడో వ్యక్తి వల్ల మీకు తెలియని లావాదేవీ జరిగితే, బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లోపు చెబితే మీకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా 10,000 వరకు మీ మీద పడవచ్చు. అది దాటితే ఆ బ్యాంకు విధానం ఎలా ఉంటే అలా. పిన్ రాసిన చీటీని కార్డుతో పాటే పెట్టుకుంటే అది మీ నిర్లక్ష్యం కిందికి వస్తుంది, అప్పుడు బ్యాంకుకి చెప్పేలోపు పోయిందంతా మీదే. చెప్పిన తర్వాత పోయింది మాత్రం, ఆ సందర్భంలో కూడా, బ్యాంకుదే. అందుకే ఆ టైము రాసుకోమనేది.

అప్పటికే డబ్బు పోయి ఉంటే బ్యాంకుతో పాటు వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది కేంద్ర హోంశాఖ సైబర్ మోసాల హెల్ప్‌లైన్. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దాటిపోయేలోపు మధ్యలో ఆపించడమే దాని పని కాబట్టి, రేపు పొద్దున చేద్దామనుకుంటే లాభం లేదు.

పర్సులో చెక్కు ఉంటే, ముఖ్యంగా సంతకం పెట్టింది అయితే, దానికి డబ్బు ఇవ్వొద్దని బ్యాంకులో స్టాప్ పేమెంట్ పెట్టడం మర్చిపోకండి.

ఫోన్ కూడా పర్సుతో పాటే పోతే

అప్పుడు వరుస మారుతుంది. కార్డుల కంటే ముందు సిమ్ ఆపించాలి. ఎందుకంటే డెబిట్ కార్డు మీది చివరి ఆరంకెలు, గడువు తేదీ, దానికి తోడు బ్యాంకులో నమోదైన సిమ్ చేతిలో ఉంటే కొత్తగా యూపీఐ పిన్ పెట్టుకోవడానికి దారి దొరుకుతుంది. మీ ఫోన్‌కి లాక్ ఉందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలన్నీ అందులోకి వస్తాయి. ఇంట్లోవాళ్ల ఫోన్ తీసుకుని టెలికం కంపెనీకి చెప్పి సిమ్ బ్లాక్ చేయించండి, ఆ తర్వాత బ్యాంకులు. ఫోన్‌ని కూడా ఎక్కడా పనిచేయకుండా ఆపాలంటే కేంద్ర టెలికం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైటులో పోలీసు ఫిర్యాదు కాపీ జతచేసి కోరవచ్చు.

డూప్లికేట్ సిమ్ తీసుకున్నాక మొదటి 24 గంటలు మెసేజ్‌లు రావు. సిమ్ పాడైందని టెన్షన్ పడొద్దు, మోసాలు ఆపడానికి పెట్టిన నియమం అది.

ఆ రోజే, మర్చిపోకముందే: పోలీసు ఫిర్యాదు

దీన్నే నేను సరిగ్గా చేయలేదు. స్టేషన్‌కి వెళ్లి ‘పర్సు, కార్డులు, నగదు పోయాయి’ అని మూడు ముక్కలు రాసిచ్చి వచ్చాను. ఐదు నెలల తర్వాత ఆ లోన్ కంపెనీవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, ‘మరి మీ ఆధార్, ఫొటో బయటికి ఎలా వెళ్లాయి?’ పాన్, ఆధార్ జెరాక్సులు, ఫొటోలు పర్సులోనే ఉన్నాయని ఫిర్యాదులో ఎక్కడా లేదు.

కాబట్టి పర్సులో ఏమేం ఉన్నాయో మొత్తం జాబితా రాయండి. డ్రైవింగ్ లైసెన్సు, ఆర్‌సీ, ఓటరు కార్డు, ఆఫీసు ఐడీ, ఆరోగ్య బీమా కార్డు, ఎవరి జెరాక్సు ఎన్ని కాపీలు, ఫొటోలు ఎన్ని. ఇంట్లోవాళ్ల ఆధార్ జెరాక్సులు కూడా చాలామంది పర్సుల్లో ఉంటాయి, అవి పోతే వాళ్లు కూడా ఈ జాగ్రత్తలన్నీ తీసుకోవాల్సిందే. చివరిసారి పర్సు చూసిన చోటు, టైము రాయండి. నంబర్లున్న చోట ఆధార్ చివరి నాలుగంకెలు చాలు, మొత్తం రాయనక్కర్లేదు.

ఎవరో కొట్టేశారని మీకు తెలిస్తే అది దొంగతనం, ఎఫ్‌ఐఆర్ అడగాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మీకు దగ్గరున్న స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఎక్కడో జారిపోయిందంటే మాత్రం అది పోగొట్టుకున్న వస్తువుల ఫిర్యాదే అవుతుంది. ఎఫ్‌ఐఆర్ కోసమని జరగని దొంగతనం రాయొద్దు. మనకి కావాల్సింది తేదీతో కూడిన రసీదు. ఫలానా రోజు నుంచి ఈ కాగితాలు నా చేతిలో లేవు అని చెప్పే సాక్ష్యం అదొక్కటే.

ఆధార్: నంబరు మారదు, తాళం వేయవచ్చు

ఆధార్ కార్డు పోతే కొత్త ప్రింటు తెచ్చుకోవడం చిన్న పని. అసలు పని దానికి తాళం వేయడం. మై ఆధార్ వెబ్‌సైటులో గానీ యాప్‌లో గానీ రిజిస్టరైన మొబైల్‌కి వచ్చే ఓటీపీతో బయోమెట్రిక్ లాక్ పెట్టుకోవచ్చు. ఇది పెట్టాక వేలిముద్ర, కనుపాప, ముఖం దేనితోనూ మీ ఆధార్ ధ్రువీకరణ జరగదు.

జెరాక్సులో వేలిముద్ర ఉండదు కదా, మరి ఇదెందుకు? ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే ఓటీపీ లేకుండా డబ్బు తీసే పద్ధతి ఒకటుంది, ఏఈపీఎస్ అంటారు. ఊళ్లలో బ్యాంకు మిత్రల దగ్గర మెషిన్ మీద వేలు పెట్టి డబ్బు తీసుకునేది దీనితోనే. భూముల రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది ముద్రల నుంచి నకిలీ వేలిముద్రలు తయారుచేసిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే బయటపడ్డాయి. మీ ముద్ర ఇంకెక్కడో దొరికే వీలుందన్నప్పుడు నంబరు కూడా చేతికిచ్చి కూర్చోవడం ఎందుకు?

ఒక ఇబ్బంది ఉంది, అది ముందే తెలుసుకోవాలి. లాక్ ఉండగా రేషన్ దుకాణంలోనూ పింఛను దగ్గరా మీ వేలిముద్ర పనిచేయదు. వెళ్లేముందు తాత్కాలికంగా తీసుకోవాలి, కాసేపటికి మళ్లీ దానంతటదే పడిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లకి లాక్ పెడితే ఈ సంగతి చెప్పి పెట్టండి, లేకపోతే పింఛను రోజున గాభరా పడతారు.

ఇంకొంచెం గట్టిగా కావాలంటే ఆధార్ నంబరునే లాక్ చేసి, దానికి బదులు 16 అంకెల వర్చువల్ ఐడీ వాడుకోవచ్చు. ఆ ఐడీని లాక్ చేసేముందే తయారుచేసి పెట్టుకోవాలి. నా మటుకు నాకు బయోమెట్రిక్ లాక్ సరిపోయింది.

అదే సైటులో మీ ఆధార్‌ని ఎప్పుడెప్పుడు ఎవరు ధ్రువీకరించారో గత ఆరు నెలల చరిత్ర కనిపిస్తుంది. నెలకోసారి చూడండి. మీరు అడుగు పెట్టని సంస్థ పేరు కనిపిస్తే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేయండి. ఆధార్‌కి లింకైన మొబైల్ నంబరు పాతదైపోయి ఉంటే ఇవేవీ ఇంట్లో కూర్చుని కుదరవు, ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లి నంబరు మార్పించుకోవాల్సిందే.

మీ పేరు మీద సిమ్‌లు ఎన్ని?

సంచార్ సాథీ వెబ్‌సైటు 2023 మేలో వచ్చింది. అందులో మీ మొబైల్ నంబరు, ఓటీపీ కొడితే మీ పేరు మీదున్న కనెక్షన్లన్నీ వరసగా చూపిస్తుంది. ఒక మనిషి పేరు మీద గరిష్ఠంగా తొమ్మిది వరకు ఉండవచ్చు, కాబట్టి ఆ లోపు మీకు తెలియనివి ఒకటో రెండో చేరినా వ్యవస్థ దానంతటది పట్టుకోదు. తెలియని నంబరు కనిపిస్తే అది నాది కాదని అక్కడే నొక్కండి. పర్సు పోయిన వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి చూడండి. అన్నిటికంటే తేలికైన పని ఇదే, రెండు నిమిషాలు పట్టదు. ఇలాంటి మోసాల్లో చాలావాటికి మొదటి మెట్టు కూడా దొంగ సిమ్మే. నా పేరు మీద అప్పు తీసుకున్నవాడు వాడిన నంబరు ఈ జాబితాలో నా కళ్లెదుట కనిపించింది. ముందే చూసుకుని ఉంటే అప్పు దాకా వచ్చేది కాదు.

పాన్, దాని వెనక అప్పులు

పాన్ పోయిందని కొత్త పాన్‌కి దరఖాస్తు చేయకండి. ఒకరికి రెండు పాన్‌లు ఉంటే 10,000 రూపాయల జరిమానా. అడగాల్సింది రీప్రింట్, నంబరు పాతదే వస్తుంది. అంటే కార్డు కొత్తదైనా ప్రమాదం పాతదే, ఆ నంబరు మీద ఓ కన్నేసి ఉంచడం తప్ప వేరే మందు లేదు.

ఎక్కడ చూడాలి? మొదటిది క్రెడిట్ రిపోర్టు, అంటే మీ పేరు మీదున్న అప్పుల చిట్టా. దాన్ని ఇచ్చేవి మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ప్రతి ఒక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. నాలుగూ ఒకేసారి తీసుకోకుండా మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే పైసా ఖర్చు లేకుండా ఏడాదంతా కాపలా ఉన్నట్టే. డబ్బు కట్టి సభ్యత్వం తీసుకోమని ఆ సైట్లు ఊరిస్తుంటాయి, అక్కర్లేదు. రిపోర్టు వచ్చాక స్కోరు చూసి మురిసిపోయి మూసేయకండి. కింద ఎంక్వైరీలు అనే భాగం ఉంటుంది, మీ రిపోర్టుని ఏ బ్యాంకు, ఏ ఫైనాన్స్ కంపెనీ అడిగిందో తేదీలతో సహా అక్కడుంటుంది. మీరు దరఖాస్తు చేయని చోటి నుంచి ఎంక్వైరీ కనిపించిందంటే ఎవరో ప్రయత్నిస్తున్నారన్నమాట. అప్పు పుట్టకముందే దొరికే ఆనవాలు అది. మీ సరైన మొబైల్, ఈమెయిల్ వాళ్ల దగ్గర ఉంటే, ఎవరైనా రిపోర్టు చూసినప్పుడు మీకు సందేశం కూడా వస్తుంది.

రెండోది ఆదాయపన్ను పోర్టల్‌లో ఉండే ఏఐఎస్, అంటే మీ పాన్ మీద నమోదైన ఆదాయాలు, లావాదేవీల జాబితా. మీరు పనిచేయని కంపెనీ నుంచి జీతం, మీకు లేని ఇంటి అద్దె అక్కడ కనిపిస్తే మీ పాన్‌ని ఎవరో తమ లెక్కల్లో వాడుతున్నట్టు. మూడోది చాలామందికి తెలియదు. జీఎస్‌టీ పోర్టల్‌లో పాన్ నంబరుతో వెతికితే దాని మీద ఎన్ని జీఎస్‌టీ రిజిస్ట్రేషన్లు ఉన్నాయో కనిపిస్తుంది, లాగిన్ కూడా అవసరం లేదు. వ్యాపారమే లేని మనిషి పేరు మీద కంపెనీ ఉంటే, పన్ను నోటీసు వచ్చేది ఆ మనిషికే.

మిగతా కార్డులు

లైసెన్సు, ఓటరు కార్డు వగైరాలకి డూప్లికేట్లు ఆన్‌లైన్‌లో అడగవచ్చు, అంత హడావుడి లేదు. ఈలోగా డిజిలాకర్‌లో ఉన్న లైసెన్సు, ఆర్‌సీ పోలీసు తనిఖీలో చెల్లుతాయి. ఆఫీసు ఐడీతో తలుపులు తెరుచుకునే పనైతే ఆ రోజే ఆఫీసులో చెప్పండి. పర్సులో ఇంటి తాళంచెవి, అడ్రసు కాగితం రెండూ ఉంటే తాళం మార్చేయండి.

‘మీ పర్సు దొరికిందండీ’

ఈ ఫోన్ నిజం కావచ్చు, మంచివాళ్లు ఉన్నారు. తిరిగివ్వడానికి ఎదురు డబ్బు పంపమన్నా, ‘మీరేనని నమ్మకం కోసం’ ఓటీపీ చెప్పమన్నా మంచివాళ్లు కాదు. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో ఇచ్చేయమనండి, లేదా నలుగురు తిరిగే చోట కలవండి.

ఇంతకంటే తెలివైన ఫోన్ ఇంకొకటుంది. పర్సు పోయిన రెండో రోజో మూడో రోజో బ్యాంకు ఆఫీసరునంటూ ఒకరు చేస్తారు. మీ పేరు, పుట్టినతేదీ, కార్డు నంబరు మొత్తం చెప్పి, కార్డు బ్లాక్ పూర్తికావాలంటే ఓటీపీ కావాలంటారు. వివరాలన్నీ సరిగ్గా చెప్పాడు కాబట్టి బ్యాంకువాడే అనిపిస్తుంది. ఆ వివరాలన్నీ మీ పర్సులోంచి చదువుతున్నాడని ఆ క్షణంలో తట్టదు.

పర్సు తిరిగి దొరికినా, లోపలివన్నీ ఉన్నా, కార్డులు మార్పించుకోండి. ఫొటో తీసుకోవడానికి అర నిమిషం చాలు. ఆధార్ లాక్, క్రెడిట్ రిపోర్టు కాపలా కూడా అలాగే కొనసాగించండి.

అప్పు బయటపడితే

ఏజెంటు బెదిరింపులకి లొంగి, ‘సగం కట్టేయండి, సెటిల్ చేస్తాం’ అంటే కట్టకండి. కట్టారంటే అప్పు మీదేనని ఒప్పుకున్నట్టవుతుంది, పైగా సెటిల్డ్ అన్న మచ్చ రిపోర్టులో మిగిలిపోతుంది. ఫోన్‌లో వాదించడం కూడా దండగ. అప్పు ఇచ్చిన సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి. దరఖాస్తు కాపీ, డబ్బు జమ చేసిన ఖాతా నంబరు, ఓటీపీ వెళ్లిన మొబైల్ నంబరు ఇవ్వమని అడగండి. ఆ ఖాతా, ఆ నంబరు మీవి కావని తేలితే సగం పని అయినట్టే. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టి, అక్కడ వచ్చిన ఫిర్యాదు నంబరుని సంస్థకి పంపే ఫిర్యాదుకి జతచేయండి. ఇంకొకరి గుర్తింపుని మోసంతో వాడుకోవడం ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద నేరం, మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

క్రెడిట్ రిపోర్టు ఇచ్చే సంస్థ వెబ్‌సైటులో కూడా ఆ అప్పు మీది కాదని డిస్ప్యూట్ వేయండి. వాళ్లు 30 రోజుల్లో తేల్చాలి, దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది. అప్పిచ్చిన సంస్థ నెల రోజులైనా పలక్కపోతే, ఇలాంటి ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, లాయరు అక్కర్లేదు. అసలు ఆర్‌బీఐ గుర్తింపే లేని యాప్ అయితే, అలాంటివాటి మీద ఫిర్యాదుల కోసం ఉన్న సచేత్ పోర్టల్‌లోనూ పోలీసులకీ చెప్పాలి.

నా అప్పు రద్దయినట్టు లెటరు రావడానికి ఏడు వారాలు పట్టింది. పోలీసు రసీదులో ఫొటోల సంగతి లేకపోయినా, అప్పు తేదీ పర్సు పోయిన తేదీ తర్వాతది కావడం, డబ్బు వెళ్లిన ఖాతా నాది కాకపోవడం నన్ను బయటపడేశాయి. లెటరు వచ్చాక రిపోర్టులోంచి కూడా ఆ అప్పు పోయిందో లేదో ఇంకో నెల ఆగి చూసుకున్నాను. మీరూ చూసుకోండి, లెటరు ఇచ్చి రిపోర్టు సరిచేయడం మర్చిపోవడం మామూలే.

కొత్త పర్సులో

ఇప్పుడు నా పర్సులో ఒక డెబిట్ కార్డు, కొంచెం నగదు ఉంటాయి. ఆ కార్డుకి ట్యాప్, విదేశీ లావాదేవీలు రెండూ యాప్‌లో ఆపేసి ఉంచాను, కావాల్సినప్పుడు తెరుస్తాను. పాన్ ఇంట్లో ఉంటుంది. ఆధార్ అవసరమైతే మొదటి ఎనిమిదంకెలు దాచిన మాస్క్‌డ్ కాపీ డౌన్‌లోడ్ చేసి ఇస్తాను. జెరాక్సే కావాలంటే దాని మీద ఎందుకోసం, ఎవరికి, ఏ తేదీన ఇచ్చానో అక్షరాల మీదుగా అడ్డంగా రాసి సంతకం పెడతాను. కౌంటరులో ఉన్నాయన ఒకసారి చిరాకుపడి, ‘ఇలా గీస్తే ఎలాగండీ, ఇంకోటి తెండి’ అన్నాడు. నంబరు, పేరు కనిపిస్తున్నాయిగా అన్నాను. తీసుకున్నాడు.